గట్టు మీద బండికి డీపీఎఫ్ ఎందుకు మూసుకుపోతోంది

మళ్లీ అదే పంచాయితీ. డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మూసుకుపోయింది, బండి లాగడం లేదు, వారంటీ వర్తించదంటున్నారు అని భీమవరం, ఆకివీడు వైపు చేపల ట్రేలు మోసే బళ్ల యజమానులు సర్వీసు సెంటర్ల మీద మండిపడుతున్నారు. బళ్ల పొగకు హద్దులు పెట్టే బీఎస్-6 నిబంధనలు ఎందుకు తెచ్చారు, బీఎస్-5ను ఎందుకు దాటేశారు, 2020 ఏప్రిల్ 1న ఏం మారింది అన్నవి అందరూ విన్నవే కాబట్టి వదిలేద్దాం. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే ఆ ఫిల్టర్ గోడలోకి వెళ్లాలి.

సైలెన్సర్ డబ్బా కోస్తున్న మెకానిక్ పక్కన కాసేపు నిలబడండి. లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. ముఖం మీద ఒక గడి తెరిచి, పక్క గడి మూసి, అచ్చం చదరంగం బల్ల. అవతలి ముఖం మీద దీనికి తిరగబడి ఉంటుంది. తెరిచిన గడిలో దూరిన పొగకు ముందు దారి లేదు, పక్క గోడలోంచి ఊరి బయటపడాల్సిందే. ఇంజన్ వైపు ముఖం నల్లగా, గొట్టం వైపు ముఖం తెల్లగా ఉంటే దిమ్మ పగల్లేదని లెక్క.

రొయ్యల చెరువు తూముకు కట్టే సన్న వలతో దీన్ని పోలుస్తుంటారు. పోలిక సగమే నిజం. గోడలోని కన్నాలు 10 నుంచి 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మసి రేణువు సుమారు 0.1 మైక్రాన్, అంటే కన్నం దానికన్నా కనీసం నూరు రెట్లు పెద్దది. అయినా ఆగుతుంది, ఎందుకంటే అంత చిన్న రేణువు తిన్నగా పోదు. వణుకుతూ, కొట్టుకుంటూ వెళ్లి గోడకు తగిలి అంటుకుంటుంది. దాని మీద ఇంకొకటి. అలా పేరుకున్న మసి పొరే తర్వాత వచ్చే మసిని పడుతుంది. చిక్కంతా ఇక్కడే: పొర లేకపోతే మసి ఆగదు, పొర మందమైతే పొగ పోదు. పొగ వెనక్కి తన్నితే పికప్ పడిపోతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

అందుకే ఈ దిమ్మ తయారు చేసేవాళ్ల తిప్పలన్నీ ఖాళీ కోసమే. మసి తక్కువ వేడికే కాలేలా చేసే కేటలిస్ట్‌ను గోడ పైన పూస్తే కన్నాలు పూడతాయి. కాబట్టి గోడలో దాదాపు సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఖాళీ ఉండేలా పింగాణీని కాల్చి, ఆ కన్నాల లోపలి అంచులకు పూతను పలచగా పట్టించడం నేర్చుకున్నారు. మసి కాలాక మిగిలే బూడిదకు చోటు ఉండాలని లోపలికి వచ్చే గడులను పెద్దవి, బయటికి పోయే గడులను చిన్నవి చేసినవాళ్లూ ఉన్నారు.

నా లెక్కలో అసలు మలుపు ఆ పూతే. పట్టిన మసిని ఆక్సిజన్‌తో కాల్చాలంటే 600 డిగ్రీలకు దగ్గరగా వేడి కావాలి. డీజిల్ పొగకు మామూలుగా అంత వేడి ఉండదు. 1980ల చివర్లో బ్రిటన్‌లోని జాన్సన్ మాథీ కంపెనీ వాళ్లు ఒక దారి పట్టారు. పొగలో ఉండే నైట్రిక్ ఆక్సైడ్‌ను ప్లాటినం మీదుగా పంపి నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారిస్తే, అది 250, 300 డిగ్రీల దగ్గరే మసిని తినేస్తుంది. గంధకం ఉన్న డీజిల్ ఈ ప్లాటినాన్ని పాడుచేస్తుంది. మన డీజిల్‌లో గంధకాన్ని 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నుంచి 10కి దించడానికి ఇదీ ఒక కారణం. 2000లో ప్యూజో 607 కారుతో ఇంకో పద్ధతి వచ్చింది: డీజిల్‌లో సీరియం అనే లోహపు మందు కలపడం, మసి నిండగానే బండిలోని కంప్యూటరే అదనంగా డీజిల్ కొట్టి వేడి పెంచడం.

అప్పటి నుంచి ఫిల్టర్ శుభ్రం కావడం బండి నడక మీద ఆధారపడింది. తాడేపల్లిగూడెం దాటి హైవే ఎక్కిన లోడు లారీకి ఈ ఏర్పాటు బాగానే నప్పుతుంది. చెరువు గట్టు మీద ఫస్ట్ గేరులో పాకి, ట్రేలు ఎక్కేదాకా ఇంజన్ ఆపకుండా నిలబడి, కాటా దగ్గర ఇంకాసేపు ఆగి, ప్యాకింగ్ షెడ్డుకు చేరే బండి సంగతి వేరు. దాని పొగ 200 డిగ్రీలు దాటడమే గగనం. కంప్యూటర్ మంట మొదలుపెట్టేసరికి డ్రైవరు తాళం తీసేస్తాడు. సగం కాలిన మసి అక్కడే ఉంటుంది. ఆ అదనపు డీజిల్ కొంత జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది!

సర్వీసు సెంటర్ల వాదన ఏమిటంటే, ఫిల్టర్ నిండిందని చెప్పే ల్యాంపు వెలిగితే హైవే మీద కాసేపు ఆపకుండా నడపమని పుస్తకంలో రాశాం, నడపలేదు. చెప్పిన ఆయిల్ కాకుండా చవకది పోశారు. ఆయిల్ మాట నిజమే. అందులోని కాల్షియం, జింకు బూడిదై దిమ్మలో ఉండిపోతాయి, ఎంత వేడికీ కాలవు. కానీ కాలువ గట్లే రోడ్లయిన ఈ సీమలో, ట్రేల మీద ఐస్ కరుగుతుంటే, పొగ గొట్టం కోసం హైవే దాకా వెళ్లి రమ్మంటే ఎవరు వెళ్తారు? ఈ బండి చెరువుల మీద తిరుగుతుందని అమ్మేటప్పుడు తెలియదా?

ఇలాంటి తగువు ఇదే మొదటిది కాదు. 1985లో మెర్సిడెస్ కాలిఫోర్నియాలో అమ్మిన డీజిల్ కార్లకు పింగాణీ ఫిల్టర్‌ను టర్బోకు (పొగ జోరుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టే చక్రానికి) ముందు బిగించింది. ముక్కలు ఊడి టర్బోలో పడ్డాయి. వాటిని తీసేసి వేరేది బిగించే ఖర్చు కంపెనీయే పెట్టుకుంది. డ్రైవింగ్ బాగాలేదని ఓనర్ల మీదకు నెట్టలేదు.

ఇక్కడ విసిగిపోయినవాళ్లు దిమ్మను పొడిపించి తీయించేస్తున్నారు, కంప్యూటర్‌లో ల్యాంపు కూడా ఆర్పిస్తున్నారు. చట్టరీత్యా అది తప్పు. బండి మాత్రం మళ్లీ లాగుతుంది. గొట్టంలో వేలు పెట్టి చూస్తే నల్లగా వస్తుంది. పొడిచిన పింగాణీ ముక్కలను పాత సామాన్లవాడు సంచిలో కట్టి తీసుకుపోతాడు. అందులో ప్లాటినం ఉందని అతనికి తెలుసు.