మిల్ దొర గీసిన గీత

"అక్బరు మత విధానమును ఔరంగజేబు మత విధానముతో పోల్చుము." హైస్కూల్లో మాకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. పేజీ మధ్యలో స్కేలు పెట్టి గీత గీసేవాణ్ని. ఎడమ పక్క అక్బరు ముస్లిమేతరుల మీది జిజియా పన్ను తీసేశాడు, కుడి పక్క ఔరంగజేబు మళ్లీ వేశాడు. ఎడమ పక్కవాడు మంచివాడు, కుడి పక్కవాడు చెడ్డవాడు. మార్కులకు ఎప్పుడూ లోటు రాలేదు.

గోల్కొండ సంగతి ఆ గీతకు ఏ పక్కన రాయాలో మాత్రం అప్పుడు తోచలేదు, ఎవరూ అడగనూ లేదు. 1687లో ఔరంగజేబు పడగొట్టింది ముస్లిం సుల్తాను రాజ్యాన్ని. ఆ రాజ్యానికి ప్రధానిగా ఉన్న మాదన్న బ్రాహ్మణుడు. అంతకు ముందు ఏడాదే మాదన్ననూ అతని సోదరుడు అక్కన్ననూ గోల్కొండలో చంపేశారు. ఇందులో మతం ఉంది, డబ్బు ఉంది, దర్బారు కక్షలు ఉన్నాయి, దక్కను మీద మొగలుల ఆశ ఉంది. నా రెండు గడుల్లో మతానికి తప్ప దేనికీ చోటు లేదు.

ఆ గడులు గీసింది మా సోషల్ సారు కాదు. వెనక్కి వెళ్తే 1817 దగ్గర ఆగాలి. ఆ ఏడాది లండన్‌లో జేమ్స్ మిల్ బ్రిటిష్ ఇండియా చరిత్రను అచ్చు వేయించాడు. ఆయన ఈ దేశంలో కాలు పెట్టలేదు, ఇక్కడి భాష ఒక్కటీ రాదు. అదేమీ లోపం కాదని, దూరంగా కూర్చుని కాగితాలు చదివినవాడికే దేశం బాగా అర్థమవుతుందని ముందుమాటలో వాదించాడు కూడా! మన గతాన్ని ఆయన హిందూ యుగం, ముస్లిం యుగం, బ్రిటిష్ యుగం అని మూడు ముక్కలు చేశాడు. మొదటి రెంటికీ మతం పేరు పెట్టి, మూడోదాన్ని క్రైస్తవ యుగం అనకుండా వదిలేశాడు. మతం చుట్టూ తిరిగేవాళ్లు వీళ్లు, పరిపాలన తెలిసినవాళ్లం మేము అన్నది ఆ పేర్లలోనే ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువుకు ఇంగ్లండులోని హైలీబరీ కాలేజీలో తయారయ్యే కుర్రాళ్లు ఆ పుస్తకం చదువుకునే ఓడ ఎక్కేవాళ్లు.

తర్వాత వచ్చిన కంపెనీ అధికారి హెన్రీ ఎలియట్ అయితే దాపరికం కూడా పెట్టుకోలేదు. పర్షియన్ చరిత్రల నుంచి ముక్కలు ఏరి అనువాదం చేయించడం ఎందుకంటే, మా పాలనలో తమకెంత మేలు జరుగుతోందో ఈ ప్రజలకు మరింత తెలిసిరావడానికే అని 1849లోనే రాసుకున్నాడు. ఆయన పోయాక జాన్ డౌసన్ పూర్తి చేసిన ఆ 8 సంపుటాలు 1867, 1877 మధ్య వచ్చాయి. యుద్ధాలు, కూల్చివేతలు, ఊచకోతలు దొరికినంత తేలిగ్గా పంటలూ పన్నులూ వాటిలో దొరకవు. రాసినవాళ్లు సుల్తానుల కొలువులో ఉన్నవాళ్లు కాబట్టి యజమాని గెలుపును పెంచి చెప్పారు. ఏరినవాడికి అదే కావలసి వచ్చింది.

పరాయివాడు గీసిన గీతను పరాయివాణ్ని ఎదిరించినవాళ్లూ వాడుకున్నారు. నాకు ఎక్కువ ఆలోచన తెప్పించేది ఇదే. కొమర్రాజు లక్ష్మణరావు గారి మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ద్వారా తెలుగువాడికి తెలుగులో చరిత్ర, సైన్సు అందించాలని తపించిన మనిషి. ఆయన రాసిన చరిత్ర పుస్తకాల పేర్లు చూడండి: హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము. దురుద్దేశం వెతికితే దొరకదు. అప్పటికి చదువుకున్నవాళ్లందరికీ కాలాన్ని కొలిచే బద్ద అదొక్కటే. మిల్ గెలుపు అంటే ఇదీ అనిపిస్తుంది నాకు.

ఈ బద్దను పక్కన పెట్టాలని చూసినవాళ్లలో పండిత సుందర్‌లాల్ ఒకరు. భారతదేశంలో ఇంగ్లిషు పాలన గురించి ఆయన హిందీలో రాసిన పుస్తకం 1929లో వచ్చిన కొద్ది రోజులకే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. 1931 మార్చిలో కాన్పూరులో మతకలహాలు జరిగి, వాటిని ఆపబోయిన పత్రికా సంపాదకుడు గణేశ్ శంకర్ విద్యార్థి ప్రాణం పోయింది. కాంగ్రెస్ వేసిన విచారణ సంఘానికి భగవాన్ దాస్ అధ్యక్షుడు, సుందర్‌లాల్ కార్యదర్శి. ఎవరు ముందు రాయి వేశారో చెప్పి ఊరుకోవచ్చు. వాళ్లు అలా చేయకుండా ఈ రెండు మతాలవాళ్ల సంబంధాలను శతాబ్దాల వెనక నుంచీ తవ్వుకుంటూ వచ్చారు. కలహానికి మూలం బడిలో చెబుతున్న చరిత్రలో ఉందని వాళ్ల ఉద్దేశం. 1933లో ఆ నివేదికనూ నిషేధించారు. సుందర్‌లాల్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

స్వతంత్రం వచ్చాక 1961లో బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పుట్టింది. రొమిల్లా థాపర్, ఆర్.ఎస్. శర్మ, సతీశ్ చంద్ర, బిపన్ చంద్ర లాంటి పేరున్న చరిత్రకారులు పిల్లలకు పుస్తకాలు రాశారు. రాజుల వరసకు బదులు భూమి, వ్యాపారం, కులం కనబడ్డాయి. 1977లో జనతా ప్రభుత్వం రాగానే ఈ పుస్తకాలు తీసేయాలని పేరు లేని ఒక వినతిపత్రం ప్రధాని మొరార్జీ దేశాయికి చేరింది. మరుసటి ఏడాది శర్మ రాసిన ప్రాచీన భారత చరిత్ర పుస్తకం బడి నుంచి వెళ్లిపోయింది. 1980లో ఇందిర గెలిచాక తిరిగొచ్చింది. వీటన్నిటికీ ముందే ఇంకో మార్పు జరిగిపోయింది, దాన్ని అంతగా ఎవరూ పట్టించుకోరు. ఎమర్జెన్సీలో చేసిన 42వ రాజ్యాంగ సవరణ విద్యను రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి మార్చింది. పాఠాల మీద ఢిల్లీ పట్టు బిగిసింది అప్పుడే. ఆ పట్టు తర్వాత ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుందో బిగించినవాళ్లు ఊహించి ఉండరు.

ఆ తర్వాతిది తెలిసిన కథే. 2001లో వేదకాలంలో గొడ్డుమాంసం, సిక్కుల గురువు తేగ్ బహదూర్ మరణం లాంటి విషయాలున్న భాగాలు పాత పుస్తకాల నుంచి తొలగించారు. కాషాయీకరణ అన్న మాట పత్రికల్లో రోజూ కనబడేది. కొత్త పాఠ్యప్రణాళిక మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2002 సెప్టెంబరులో తీర్పు చెబుతూ ఒక తేడా చూపించింది: ప్రభుత్వ బడిలో మతబోధను 28వ అధికరణం ఒప్పుకోదు, మతాల గురించి చెప్పడానికి మాత్రం అడ్డు చెప్పదు. కాగితం మీద తేడా స్పష్టంగానే ఉంది. క్లాసులో నలభై మంది పిల్లల ముందు నిలబడి చెప్పేటప్పుడు అది ఎక్కడ చెరిగిపోతుందో చెప్పేవాడికే తెలియదు.

2004లో ప్రభుత్వం మారింది, 2005లో కొత్త పాఠ్యప్రణాళికా చట్రం వచ్చింది. ఆ పుస్తకాల్లో శాసనాలు, ఉత్తరాలు, బొమ్మలు పిల్లల ముందు పెట్టి "నీకేమనిపిస్తోంది?" అని అడిగారు. నాకు నచ్చిన పని అది. మన రాష్ట్రంలోనూ 2011 విద్యా ప్రణాళికా పరిధి పత్రం తర్వాత సోషల్ పుస్తకాలు ఆ దారిలో కొంత నడిచాయి. ఏడాది తిరక్కుండా ఆ ప్రశ్నలకూ గైడ్లలో జవాబులు వచ్చేశాయనుకోండి. 2023లో కరోనా తర్వాత పిల్లలకు భారం తగ్గించాలంటూ 12వ తరగతి నుంచి మొగలు దర్బారుల అధ్యాయం తీసేశారు. 2025 నాటి 8వ తరగతి పుస్తకంలో మొగలులు ఉన్నారు, వాళ్లతో పాటు చరిత్రలోని చీకటి ఘట్టాల గురించి ఒక గమనిక కూడా ఉంది. నాటి పనులకు నేటివాళ్లెవరినీ బాధ్యులను చేయకూడదని అందులో రాశారు. మంచి మాటే. అది ఎన్ని క్లాసుల్లో గట్టిగా చదివి వినిపిస్తారన్నదే నా అనుమానం.

పాత పుస్తకాల పక్షాన మాట్లాడేవాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి వాటి తప్పు కూడా చెప్పాలి. గుడులు కూల్చిన సంగతి వచ్చినప్పుడు మా పాఠాలు గొంతు తగ్గించేవి. దేశం అప్పుడే ముక్కలైంది, పిల్లల మనసులో విషం నింపకూడదు అన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ పిల్లవాడు ఆ సంగతి ఇంట్లోనో పండగ పందిట్లోనో ఇంకొకరి నోట వింటాడు, నాలుగింతలు చేసి వింటాడు. అప్పుడు "మా సారు ఇది దాచాడు" అనుకుంటాడు. ఆ రోజు నుంచి సారు చెప్పిన మిగతావన్నీ అబద్ధాలే వాడికి. పైగా సామరస్యం చూపించడానికి అక్బరునే ఎత్తి పట్టినంత కాలం, రాజును మతంతోనే కొలవాలన్న మిల్ మాటను మేమూ ఒప్పుకున్నట్టే.

ఇబ్రహీం కుతుబ్ షానే తీసుకోండి. అన్నకు భయపడి పారిపోయి విజయనగరంలో అళియ రామరాయల నీడన ఏడేళ్లు తలదాచుకున్నాడు. 1550లో గోల్కొండ గద్దె ఎక్కాడు. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకు అంకితమిచ్చాడు. ఆ ఇబ్రహీమే 1565లో మిగతా సుల్తానులతో కలిసి రామరాయలి మీదికి నడిచాడు. మా తెలుగు పాఠంలో ఈయన సాహిత్య పోషకుడు, సోషల్ పాఠంలో విజయనగరాన్ని నాశనం చేసిన నలుగురిలో ఒకడు. ఇద్దరూ ఒక్కడేనని నాకు కాలేజీకి వెళ్లేదాకా తెలియదు.

ఇక సుందర్‌లాల్. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. అంతకు ముందు రజాకార్ల దౌర్జన్యాలు పల్లెపల్లెకూ తెలుసు, పాఠాల్లోనూ ఉన్నాయి. కలిసే రోజుల్లోనూ ఆ తర్వాతా ముస్లింల మీద జరిగిన హింస మాత్రం పాఠాల్లో లేదు. నెహ్రూ పంపిన బృందానికి నాయకుడుగా సుందర్‌లాల్ ఆ ఏడాది చివర్లో జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చాడు. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అందులో అంచనా వేశారు. రజాకార్లు చేసిందీ రాశారు. తోటి ముస్లింలను కాపాడిన హిందువుల సంగతీ రాశారు. ఇంగ్లిషువాళ్లు ఆయన రాతలను నిషేధించారు, మనవాళ్లు నిషేధించలేదు, బీరువాలో పెట్టారు. ఢిల్లీలో నెహ్రూ స్మారక గ్రంథాలయంలో దాన్ని చదివే వీలు కలిగేసరికి 2013 వచ్చింది.

మొన్న మా ఇంట్లో పదో తరగతి పిల్ల, 1948లో నిజాం లొంగిపోయిన సెప్టెంబరు 17ను ఏమని రాయాలని అడిగింది. విలీనమంటారు, విమోచనమంటారు, విద్రోహమనేవాళ్లూ ఉన్నారు. 2022లో తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది, అదే ఏడాది కేంద్రం విమోచన దినం అంది, 2024లో ప్రజాపాలన దినోత్సవం అయింది. మార్కుల కోసమైతే పుస్తకం అట్ట తిప్పి ఏ ఏడాది ముద్రణో చూసి రాయమన్నాను.