సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలకు నీళ్లెందుకు వస్తాయి

హైదరాబాద్‌లో ఒక పూట గట్టి వాన పడితే చాలు, మునిగిన కాలనీల జాబితాలో కోదండరాంనగర్, సీసల బస్తీ పేర్లు వినిపిస్తాయి. టీవీలో ఆ దృశ్యాలు చూసినవాళ్లు వెంటనే అనే మాట, "చెరువులో ఇళ్లు కట్టుకుంటే నీళ్లు రాక ఏమొస్తాయి?" అని. ఈ మాట విన్నప్పుడల్లా ఇక్కడివాళ్లకు ప్రాణం చివుక్కుమంటుంది. కోదండరాంనగర్ సరూర్‌నగర్ చెరువు లోపల లేదు, దిగువన ఉంది. చెరువు కడుపులో ఇల్లు కట్టడం వేరు, చెరువు కింద ఇల్లు కట్టడం వేరు. రెండిట్లోకీ నీళ్లు వస్తాయి కానీ వచ్చే కారణం ఒకటి కాదు, బాధ్యులూ ఒకరు కాదు.

సరూర్‌నగర్ చెరువును కుతుబ్‌షాహీల కాలంలో, 1620లలో తవ్వించారని చెబుతారు. విస్తీర్ణం దాదాపు 99 ఎకరాలు. తెలంగాణలోని చాలా చెరువుల్లాగే ఇదీ ఒంటరి చెరువు కాదు. మీర్‌పేట, జిల్లెలగూడ, కర్మన్‌ఘాట్, బైరామల్‌గూడ వైపు పడిన వాన వాలు పట్టుకుని ఇటే వస్తుంది. పై చెరువు నిండి మత్తడి (మిగులు నీళ్లు పొర్లిపోయే గట్టు) దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి. సరూర్‌నగర్ నిండితే మిగులు నీళ్లు చైతన్యపురి మీదుగా మూసీలో కలవాలి. తూము తీస్తే పొలాలకు, మత్తడి పోస్తే మూసీకి. చెరువు అంటే కట్టా, నీళ్లూ మాత్రమే కాదు. పై నుంచి వచ్చే వాగూ, కిందికి పోయే కాలువా కలిస్తేనే చెరువు. మనం కట్టను ఉంచుకుని ఆ రెండింటినీ మరిచిపోయాం.

ఈ ప్రాంతం నిన్న మొన్నటిది కాదు. మూసీ ఒడ్డున చైతన్యపురిలోని కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర బండ మీద విష్ణుకుండి గోవిందవర్మ కాలం నాటి ప్రాకృత శాసనం ఉంది. క్రీ.శ. 5వ శతాబ్దానిది, ఒక బౌద్ధ విహారాన్ని ప్రస్తావిస్తుంది. చార్మినార్ కంటే వెయ్యేళ్లకు పైగా పాతదైన ఆ రాత పక్క నుంచి రోజూ వేలమంది వెళ్తుంటారు, చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా సరూర్‌నగర్‌లో కట్టించిన ప్యాలెస్ తర్వాత అనాథ పిల్లల విక్టోరియా మెమోరియల్ హోంగా మారింది. ఇప్పుడు మెట్రో స్టేషన్‌కు ఆ పేరే ఉంది. నవాబు ప్యాలెస్ కట్టుకున్నాడంటే అప్పుడిది ఊరికి దూరంగా, చెట్లతో, చల్లగాలితో ఉండే చోటన్నమాట.

1956 తర్వాత నగరం తూర్పుకు జరగడం మొదలైంది. మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్, అది దాటి కొత్తపేట, ఎల్బీనగర్. దీనికి అసలు కారణం విజయవాడ రోడ్డు. నల్లగొండ, ఖమ్మం, సూర్యాపేట, కోదాడ, అటు కృష్ణా, గుంటూరు నుంచి వచ్చే బస్సులు నగరంలోకి అడుగుపెట్టేది ఇటునుంచే. ఊళ్లో భూమి కొంచెం అమ్ముకుని పిల్లల చదువుల కోసం వచ్చినవాళ్లకు, కొత్తగా ఉద్యోగం వచ్చినవాళ్లకు, రిటైరై ఒక ప్లాటు కొనుక్కుందామనుకున్నవాళ్లకు బస్సు దిగిన చోటే ఇల్లు దొరికింది. తర్వాత కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు వచ్చాయి. 1986లో పండ్ల మార్కెట్ కొత్తపేటకు వచ్చాక వేసవి పొడుగునా ఆ రోడ్డంతా మామిడిపండ్ల వాసనే. ఆ మార్కెట్ 2021లో మూతపడి బాటసింగారానికి వెళ్లిపోయింది. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చాక మిగిలిన పాత ఇళ్లు కూడా అపార్ట్‌మెంట్లయ్యాయి.

ఈ ప్లాట్లన్నీ ఎక్కడి భూములు? చెరువు దిగువన ఉన్నవి చాలావరకు పొలాలే. వెంచర్ వేసినవాళ్లు వాటిని ముక్కలు చేసి అమ్మారు. అవి శిఖం భూములు, అంటే చెరువు నీళ్లు నిలిచే భూములు, కావు కాబట్టి రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు మీటరు వచ్చింది, ఇంటి పన్ను కట్టించుకున్నారు. సాగు ఆగిపోయాక పొలానికి నీళ్లందించే కాలువతో ఎవరికీ పని లేకుండా పోయింది. మిగులు నీళ్లు పోయే పెద్ద కాలువ మాత్రం పేరు మార్చుకుని నాలా అయింది. దాని మీద పక్క ఇంటి గోడ ఒక అడుగు, షెడ్డు రెండడుగులు జరిగాయి. కొన్నిచోట్ల దాన్ని పైపుల్లోకి దించి పైన రోడ్డేశారు. మురుగు కూడా అందులోకే వదిలారు. ఏడాదిలో పదకొండు నెలలు అది మురికి కాలువలాగే కనిపిస్తుంది. దాని అసలు పని పన్నెండో నెలలో గుర్తొస్తుంది.

పాత గల్లీల్లో తిరిగితే ఇంకొకటి కనబడుతుంది. సీసీ రోడ్డు పాడైన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే కొత్తది పోశారు. మొదట రోడ్డు కంటే రెండు మెట్లు ఎత్తులో కట్టుకున్న ఇల్లు ఇప్పుడు రోడ్డుకు ఒక మెట్టు కింద ఉంటుంది. గేటు తీసి లోపలికి దిగాలి. అందుకే చాలా ఇళ్ల గేట్ల ముందు మోకాలెత్తు సిమెంటు అడ్డుగోడ కట్టుకున్నారు. ముసలివాళ్లు రోజూ దాన్ని పట్టుకుని కాలెత్తి దాటాలి, బండి లోపల పెట్టాలంటే చెక్క వేసుకోవాలి. ఇంత చేసినా నీళ్లు బాత్రూం జాలీలోంచి పైకి తన్నుకొస్తాయి. సంపులోకి మురుగు చేరితే వారం రోజులు ట్యాంకరే దిక్కు.

2020 సెప్టెంబరులో చెరువుకు పైన ఉన్న కాలనీలో స్కూటర్ మీద వెళ్తున్న ఒకాయన వరదలో కొట్టుకుపోయి, మరుసటి రోజు సరూర్‌నగర్ చెరువులో శవమై దొరికాడు. మూడు వారాలకే అక్టోబరు 13 వచ్చింది. ఆ రోజు హయత్‌నగర్‌లో 30 సెంటీమీటర్లకు దగ్గరగా వాన పడింది. పై చెరువులన్నీ ఒకేసారి పొంగాయి. చెరువు కింది కాలనీల్లో పడవల్లో జనాన్ని తీశారు. నీళ్లు తగ్గాక పరుపులు, ఫ్రిజ్‌లు, నానిపోయిన సర్టిఫికెట్లు వీధుల్లో కుప్పలయ్యాయి. ప్రభుత్వం ఇంటికి 10,000 రూపాయల తక్షణ సాయం ప్రకటించింది.

ఆ రోజుల్లోనే ఇంకో పని జరుగుతోంది. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్ కోసం 2020 ఆగస్టు 31న జీవో 131 వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒకవైపు ఊళ్లు మునుగుతుంటే ఇంకోవైపు ప్లాట్లకు ఫీజు కడుతున్నారు. ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దులో, ఉంటే క్రమబద్ధీకరించరు, పెద్ద చెరువుకు చుట్టూ 30 మీటర్ల ఖాళీ జాగా (బఫర్) వదలాలి అని రూల్స్ ఉన్నాయి, మంచిదే. కానీ ఆ కొలతలన్నీ చెరువు అంచు దగ్గరే మొదలవుతాయి. చెరువుకు ఎంత దిగువన ఉన్న ప్లాటుకు మిగులు నీళ్ల ముప్పు ఉందో చెప్పే కాగితం ఏదీ కొనేవాడి చేతికి రాదు. 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం సహా 12 మున్సిపాలిటీలు కలిసి జీహెచ్‌ఎంసీ ఏర్పడ్డాక కూడా ఈ లోటు అలాగే ఉంది.

2021 నుంచి నాలాలను బాగుచేసే ప్రభుత్వ పథకం ఎస్‌ఎన్‌డీపీ కింద ఎల్బీనగర్ జోన్‌లో బాక్స్ డ్రెయిన్లు కట్టారు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అనే మాట ఇంటింటి మాటయింది, దాంతోపాటు టెన్షన్ కూడా. చెరువు లోపలి ఆక్రమణలు తీయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కోదండరాంనగర్ లాంటి చోట ఎన్ని ఇళ్లకు నోటీసులిచ్చినా వరద తగ్గదు. మీర్‌పేట నుంచి మూసీ దాకా ఉన్న కాలువ ఒకప్పటి వెడల్పు ఎంతో రెవెన్యూ నక్షాల్లోంచి తీసి, ఇప్పుడు ఎక్కడెక్కడ ఎంత మిగిలిందో గల్లీ గల్లీకి కొలిచి బోర్డు పెట్టాలి. ఇక్కడివాళ్లు కార్పొరేటర్లనూ, ఇంజినీర్లనూ అడగాల్సింది ఆ కొలతల గురించే. వానాకాలం మొదలయ్యాక కాదు, మార్చిలో, నాలా ఎండి అడుగు కనబడుతున్నప్పుడు అడగాలి.