అమ్మకు జబ్బుంటే నాకూ వచ్చి తీరుతుందా? అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఓపీ అయిపోయే వేళకి ఒక కుర్రాడు వచ్చాడు (వివరాలు కొంచెం మార్చి రాస్తున్నాను). జబ్బు అతనికి కాదు, వాళ్లమ్మకి. స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినబడడం, లేనిపోని అనుమానాలు పట్టుకోవడం లాంటివి ఉండే మానసిక జబ్బు. పదిహేనేళ్లుగా మందులు వాడుతోంది, ఇంటి పని వంట పని అన్నీ చేసుకుంటోంది. "సార్, ఇది 80 శాతం వంశపారంపర్యం అంట కదా. అంటే నాకు వచ్చే ఛాన్స్ 80 శాతం. అందుకే పెళ్లి వద్దని ఇంట్లో చెప్పేశాను" అన్నాడు. నెలకి ఇద్దరైనా ఇదే లెక్కతో వస్తారు. అందుకే ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి రాక తప్పదు.

వాస్తవం: మామూలు జనంలో ఈ జబ్బు వందలో ఒకరికి వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే వందలో సుమారు పదిమందికి. "పది రెట్లు" అని భయపెట్టేవాళ్లు మిగిలిన తొంభై మంది ఊసెత్తరు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో జన్యువులు దాదాపు ఒకటే. అయినా ఒకరికి వస్తే రెండోవారికి రావడం సగం సార్లు కూడా ఉండదు. పైగా స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో చాలామంది తల్లిదండ్రులకి అసలు ఈ జబ్బే లేదు.

మరి 80 శాతం ఏమిటి? ఆ అంకె తప్పు కాదు, చదివే తీరు తప్పు. జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో జన్యువుల వాటా ఎంతో అది చెబుతుంది. ఫలానా మనిషికి వస్తుందా రాదా అన్నది దానికి తెలియదు. ఒకే మడిలో, ఒకే నీటితో నాలుగు రకాల వడ్లు చల్లారనుకోండి. పంటలో తేడా అంతా విత్తనానిదే అవుతుంది. అలాగని నీళ్లు ఆపేస్తే పండుతుందా?

ఫిన్లాండ్‌లో టియనారి అనే సైకియాట్రిస్టు బృందం దత్తత వెళ్లిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించింది. కన్నతల్లికి జబ్బు ఉండి, గొడవల ఇంట్లో పెరిగిన పిల్లల్లో ఇలాంటి జబ్బులు ఎక్కువ కనిపించాయి. అలాంటి తల్లికే పుట్టి ప్రశాంతమైన ఇంట్లో పెరిగినవాళ్లలో చాలా తక్కువ. కన్నతల్లికి జబ్బు లేని పిల్లల మీద ఆ గొడవల ప్రభావం అంతగా కనబడలేదు. జన్యువులూ, పెరిగిన ఇల్లూ కలిసి పనిచేయడమంటే ఇదీ. కడుపులో ఉన్నప్పటి తిండి కూడా లెక్కలోకి వస్తుంది. 1944-45 నెదర్లాండ్స్ కరువు రోజుల్లో కడుపున పడ్డ పిల్లల్లో పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా రెట్టింపు కనబడింది. ఇక గంజాయి. ఇంట్లో ఈ జబ్బు ఉన్న కుర్రాళ్లు దాన్ని ముట్టుకోవద్దు. "ఒక్కసారే కదా సార్" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

మా చిన్నతాత పెరటి గదిలో ఉండేవాడు. తనలో తానే మాట్లాడుకునేవాడు. మా అత్తల పెళ్లిచూపులప్పుడు ఆయన్ని పక్క ఊరు పంపించేసేవారు, బయట తెలిస్తే సంబంధాలు రావని. తాయెత్తులు కట్టించారు, కోడిని కోయించారు, ఆసుపత్రికి మాత్రం తీసుకెళ్లలేదు. ఎర్రగడ్డ అంటే మా ఊళ్లో తిట్టు. అత్తలకి పెళ్లిళ్లయ్యాయి, మా తరంలో ఎవరికీ ఆ జబ్బు రాలేదు. ఆయన మాత్రం ఆ గదిలోనే పోయాడు. "రక్తంలో ఉంది" అన్న మాటకి భయపడి జబ్బు దాచే ఇళ్లలో ఇప్పటికీ అదే జరుగుతోంది. వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు": కుదురుకోడు, మందులు మానేస్తే ఇంకా ముదురుతుంది. దాచి చేస్తే ఆ అమ్మాయికి అన్యాయం కూడా. "తల్లి సరిగా పెంచక ఆటిజం వచ్చింది": 1977లోనే కవలల మీద జరిగిన అధ్యయనం జన్యువుల పాత్ర చూపించింది. ఆ తల్లిని నిందించడం వదిలేయండి. "మేనరికమే పిచ్చికి కారణం": మేనరికంలో కొన్ని పుట్టుకతో వచ్చే జబ్బుల రిస్క్ పెరిగే మాట నిజమే, ప్రతి మానసిక జబ్బునీ దాని ఖాతాలో వేయకండి. ఊళ్లో సైకియాట్రిస్టు లేకపోతే మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ ఉంది, నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ కుర్రాడికి ఇవన్నీ చెప్పాక, అమ్మ వచ్చిందా అని అడిగాను. బయట బల్ల మీద కూర్చుని ఉంది. పిలిపించాను. కుర్చీలో కూర్చోకుండానే అడిగింది: "మావాడు రాత్రుళ్లు నిద్రపోవట్లేదు డాక్టరుగారూ. నాదే వచ్చిందా వాడికి?"

"లేదమ్మా, 80 శాతం అని ఎక్కడో చదివాడు" అన్నాను.