సంతకం అడిగేముందు చెయ్యాల్సిన పనులు

ఫ్రిస్కోలో ఉన్న చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

బేస్‌బాల్ కార్డుల మీద ఆటగాళ్ల సంతకాలు సేకరిస్తామన్నారు కదా, సంతోషం. కానీ ఒక్క మాటర్రా. సంతకం నిలుస్తుందా, పాడవుతుందా అన్నది సగం ఇంట్లోనే తేలిపోతుంది.

ముందు కార్డు. ఖరీదైనది వద్దు, టాప్స్ అనే కార్డుల కంపెనీ వాళ్ల మామూలు కార్డు చాలు. బొమ్మలో లేత రంగు, ఖాళీ జాగా ఉండాలి. ముదురు జెర్సీ మీద నీలం సిరా కనపడదు. తళతళలాడే క్రోమ్ కార్డుతోనే అసలు చిక్కు. దాని నున్నటి పూత సిరాను పట్టుకోదు, గీత చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. చిటికెడు బేబీ పౌడర్ చల్లి, మెత్తటి గుడ్డతో తేలిగ్గా తుడిచి దులిపెయ్యండి. గట్టిగా రుద్దితే గీతలు పడతాయి కాబట్టి, ముందు అదే రకం పనికిరాని కార్డు మీద చేసి చూడండి.

కార్డుకు సన్నమొన నీలం షార్పీ (చెరగని మార్కర్ పెన్ను) వాడాలి, బంతికి మాత్రం నీలం బాల్‌పాయింటే. షార్పీ సిరా తోలులోకి పాకి, కొన్నేళ్లకు అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. బంతి మీద రెండు కుట్లు బాగా దగ్గరకొచ్చే సన్నటి జాగాను స్వీట్ స్పాట్ అంటారు. ఒక్కరి సంతకమే అయితే అక్కడ పెట్టించుకోండి.

మీ ఊళ్లోనే రఫ్‌రైడర్స్ ఉన్నారు, పెద్ద లీగ్‌లో ఆడే టెక్సాస్ రేంజర్స్‌కి డబుల్-ఎ, అంటే కిందిస్థాయి జట్టు. పెద్ద స్టేడియంలో కంటే ఇక్కడ ఆటగాళ్లు దగ్గరగా దొరుకుతారు. గేట్లు తియ్యగానే వెళ్లి, డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) పక్క కంచె దగ్గర నిలబడండి. ఆ రోజు ఆట మొదలుపెట్టే పిచర్‌ని (బంతి విసిరే ఆటగాణ్ణి) మాత్రం కదపకండి, అతని ధ్యాసంతా ఆట మీదే ఉంటుంది. పెన్ను మూత తీసి, కార్డును అట్ట మీద క్లిప్పుతో పెట్టి, ఇంటిపేరుతో మర్యాదగా పిలిచి, ఒక్క కార్డే అందించండి. అమ్మ వైపు భారతీయ మూలాలున్న కుమార్ రాకర్‌ని రేంజర్స్ 2022 డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, మూడో ఎంపికగా తీసుకున్నారు. అతని కార్డు మీ పెట్టెలో ఉంటే నాకూ ముచ్చటే. మీ పేరు కూడా రాసిమ్మని అడిగితే తర్వాత అమ్మకం ధర తగ్గొచ్చు, కానీ మీరు అమ్మడానికి కాదు కదా సేకరించేది!

పోస్టులో అడగాలంటే ఫిబ్రవరి, మార్చి మంచి అదను. అప్పుడు పెద్ద లీగ్ జట్లలో 15 ఫ్లోరిడాలో, 15 అరిజోనాలో శిక్షణలో ఉంటాయి. రేంజర్స్ మకాం అరిజోనాలోని సర్‌ప్రైజ్. చేత్తో రాసిన నాలుగు వాక్యాల ఉత్తరం, పెన్నీ స్లీవ్ అనే పల్చటి ప్లాస్టిక్ తొడుగులో కార్డు, దానికి రెండు వైపులా పల్చటి అట్ట, మీ చిరునామా రాసి స్టాంపు అంటించిన తిరుగు కవరు పెట్టండి. టాప్‌లోడర్, అంటే గట్టి ప్లాస్టిక్ తొడుగు, పెట్టొద్దు. కవరు బిరుసెక్కి పోస్టాఫీసు యంత్రంలో ఇరుక్కుంటుంది, అదనపు రుసుమూ పడుతుంది. జవాబు వారాల్లో రావచ్చు, ఏడాదికి రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. వేర్వేరు కార్డుల మీది రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చంగా సరిపోయాయంటే అది యంత్రం గీసినదేనని అనుమానించండి. మనిషి చెయ్యి రెండుసార్లు ఒకేలా తిరగదు.

సంతకం చేసి ఉన్నవి కొనడం మాత్రం ఇప్పుడే వద్దు. 1990లలో ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో దొంగ సంతకాల ముఠాల మీద విచారణ జరిపింది. పట్టుబడిన సరుకులో మదర్ థెరిసా ‘సంతకం’ చేసిన బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి!

సంతకం అయ్యాక సిరా ఆరేదాకా కార్డును తొడుగులో పెట్టకండి. ఆరాక ముందు పెన్నీ స్లీవ్, దాని మీద టాప్‌లోడర్. స్లీవ్ లేకుండా నేరుగా టాప్‌లోడర్‌లోకి తోస్తే గీతలు పడతాయి. ఆల్బమ్ కొంటే పీవీసీ లేని పేజీలు చూసుకోండి. పీవీసీలో మెత్తదనం కోసం కలిపే రసాయనాలు కాలక్రమాన బయటికొచ్చి కార్డుకు అంటుకుంటాయి. రబ్బరు బ్యాండ్లు అంచులను నొక్కేస్తాయి. ఇక ఎండ తగిలే అల్మారాలో పెడితే ముందుగా వెలిసిపోయేది సంతకమే.

మీ తాతయ్య