వాన లేకుండా వచ్చే వరద

"మాస్టారూ, మోటులో నాలుగు రోజులుగా చినుకు లేదు. శబరి మాత్రం పెరుగుతోంది. డ్యామ్ గేట్లు ఎత్తేశారంటున్నారు, నిజమేనా?" మల్కాన్‌గిరిలో నా దగ్గర చదువుకున్న కుర్రాడు శబరి ఏటి ఒడ్డునున్న మోటు ఊరి నుంచి ఫోన్ చేశాడు. వరద వస్తే చాలు, ఈ గేట్ల మాట పుడుతుంది. ఎగువన సీలేరు మీద బలిమెల డ్యామ్ ఉంది కాబట్టి కొట్టిపారేయలేం. కానీ ఈసారి కారణం దిగువన ఉంది.

కోరాపుట్ కొండల్లో పుట్టి, ఒడిశాలో కొలాబ్ అనిపించుకునే శబరి మోటు దగ్గర సీలేరును కలుపుకుని కూనవరంలో గోదావరిలో కలుస్తుంది. భూగోళం పాఠం ఇంతటితో ఆగిపోతుంది. అసలు తమాషా అక్కడే మొదలు.

మన బాత్రూం నీళ్లు వీధి కాలువలోకి పోతాయి కదా. వీధి కాలువ నిండితే? గొట్టం శుభ్రంగానే ఉంటుంది, వాలూ ఉంటుంది, నీళ్లు మాత్రం కదలవు. ఇంకా నిండితే వీధి నీళ్లే మన కన్నంలోంచి పైకి తన్నుతాయి. శబరి ఇంటి గొట్టం, గోదావరి వీధి కాలువ. ఆ కాలువకూ దిగువన ఇరుకు కల్వర్టు ఉంది: పాపికొండలు. ఇలా నీరు వెనక్కి తన్నడాన్నే మనవాళ్లు ఎగపోటు అంటారు.

నీరు పల్లమెరుగు. సరే, ఏ పల్లం? ఏటి అడుగుది కాదు, నీటి పైమట్టానిది. కూనవరంలో గోదావరి లేస్తే శబరి పైమట్టం వాలు తగ్గుతుంది. లోతు అంతే ఉందనుకుంటే, వాలు నాలుగో వంతైతే వేగం దాదాపు సగమవుతుంది. వేగం సగమైతే, అంతే నీరు పోవడానికి రెట్టింపు చోటు కావాలి. గొట్టానికైతే చోటు దొరకదు. ఏరు మాత్రం ఆ చోటును వరిమళ్లలో, చింతూరు రోడ్డు మీద వెతుక్కుంటుంది. వాగులూ అందులో పడలేక వెనక్కి నిండుతాయి.

ఓసారి మోటు రేవులో ఒక ఎండుకొమ్మ ఒడ్డు వార నిలబడిపోయి, మెల్లగా ఎగువకు కదలడం చూశాను. పక్కనున్న ముసలావిడ దణ్ణం పెట్టి, "గోదారమ్మ చెల్లెల్ని చూడ్డానికొచ్చింది" అంది. పాఠం చెప్పబోయి ఆగిపోయాను. దిశ సరిగ్గానే చెప్పింది మరి.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు. ఆ నీరు కూనవరం చేరాకే శబరిని తంతుంది. అందుకే ఒడిశాలో ఉన్న మోటు టీ కొట్టులో మబ్బు వంక ఎవరూ చూడరు. "భద్రాచలంలో ఎన్ని అడుగులు?" అని అడుగుతారు.