తొట్టి పెద్దదే, మరి కప్పో?

మా మేనల్లుడు పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "మామయ్యా, సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డీ850 కెమెరా ఒకటి దొరికింది. తీసుకోనా? ఫుల్ ఫ్రేమ్ అయితే చీకట్లో కూడా గ్రెయిన్స్, అదే గరుకు చుక్కలు, రావంటున్నారు, నిజమేనా?"

అవునన్నా సగం అబద్ధమే, కాదన్నా సగం అబద్ధమే. ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఇలాంటి ప్రశ్న చేతికి చిక్కాక ఊరుకోగలనా!

డీ850 వచ్చింది 2017లో. 4 కోట్ల 57 లక్షల పిక్సెళ్లు, వెలుతురును పట్టే 35.9 × 23.9 మి.మీ. సెన్సరు, బ్యాటరీతో కలిపి కిలో బరువు. మిగతావన్నీ డబ్బా మీదే రాసుంటాయి. సుమారు 36 × 24 ఉన్న ఈ కొలతనే ఫుల్ ఫ్రేమ్ అంటారు, అది ఏ సూత్రంలోంచీ పుట్టలేదు. ఆస్కర్ బార్నాక్ అనే జర్మన్ మెకానిక్ సినిమా ఫిల్మును అడ్డంగా తిప్పి, రెండు సినిమా ఫ్రేముల జాగాలో ఒక ఫోటో తీశాడు. 1925లో లైకా పేరుతో ఆ కెమెరా బజారుకొచ్చింది. అప్పటి ఆ ఫ్రేము కొలతే ఇప్పటికీ మనకు 'ఫుల్'.

ఇక వానలోకి రండి.

వెలుతురు ధార కట్టదు, చినుకుల్లా పడుతుంది. చినుకు అంటే ఒక ఫోటాన్, వెలుతురు రేణువు. డాబా మీద పడ్డ వాన గొట్టంలోంచి దిగి కింద తొట్టిలో చేరుతుందనుకోండి. డాబా కప్పు లెన్సు నోరు, తొట్టి సెన్సరు. తుంపర మొదలైనప్పుడు గచ్చు పలకల్ని గమనించారా? ఒకదాని మీద ఏడు చుక్కలుంటే పక్కదాని మీద పన్నెండుంటాయి. జడివాన పట్టిందంటే అన్నీ ఒకేలా తడిసిపోతాయి. దీనికో లెక్క ఉంది: సగటున 100 చినుకులు పడే చోట హెచ్చుతగ్గు వర్గమూలమంత, అంటే 10. నూటికి పది. 10,000 పడితే హెచ్చుతగ్గు 100, నూటికి ఒకటే. కరెంటులో ఇలాంటి గోలనే 1918లో వాల్టర్ షాట్కీ వాక్యూమ్ ట్యూబుల విషయంలో లెక్కగట్టాడు. చీకటి ఫోటోలో కనబడే గ్రెయిన్స్‌లో చాలా భాగం ఇదే. కెమెరాని తిట్టి లాభం లేదు, వాన నైజం అది.

మరి మెగాపిక్సెళ్లో? ఒకే తొట్టిలో ఎన్ని అడ్డుగోడలు కట్టారన్నదే ఆ అంకె. గోడలు పెరిగితే ఒక్కో గదిలో నీళ్లు తగ్గుతాయి, తొట్టి మొత్తంలో దాదాపు అంతే ఉంటాయి. ఫోటో ఎంత ప్రకాశంగా రావాలో చెప్పే ఐఎస్ఓ అంకె పెంచితే నీళ్లు పెరుగుతాయని మావాడి నమ్మకం. నీళ్లెక్కడ పెరుగుతాయిరా, కొలకర్ర మీద గీతలు దగ్గర దగ్గరగా గీశావంతే! ఈ విషయంలో వాడి మీద కోపం లేదు. మా నాయనమ్మ ఫోటో దిగితే ఆయుష్షు తరుగుతుందని కెమెరా కనబడగానే వంటింట్లో దూరేది. ఆ భయం పోయింది, అంకెల మీద భక్తి వచ్చింది. దసరాకి వాడు కెమెరాకి బొట్టు పెడతాడు, నేనూ వద్దనను. లెన్సు గాజుకి మాత్రం పెట్టకురా అంటాను.

అసలు మెలిక కప్పులో ఉంది. మావాడి దగ్గరున్న చిన్న సెన్సరు కెమెరాలో 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు ఉంది. ఫోకల్ దూరం 35ని ఎఫ్ పక్కనున్న 1.8తో భాగిస్తే దాని నోరు వెడల్పు 19.4 మి.మీ. ఫుల్ ఫ్రేమ్‌కు 24-70 ఎఫ్/2.8 జూమ్ తగిలించి, అదే దృశ్యం పట్టేలా 50 దగ్గర పెడితే నోరు 17.9 మి.మీ. షట్టరు సమయం ఒకటే అయితే అంత పెద్ద బండ జూమ్ కన్నా ఆ బుల్లి లెన్సే కాస్త ఎక్కువ వాన పడుతుంది! తొట్టి రెండు రెట్లకు పైగా పెద్దదైనా కప్పు చిన్నదైతే ఏం లాభం? 50 ఎఫ్/1.8 పెట్టు, నోరు 27.8 అవుతుంది, వాన రెట్టింపవుతుంది. కానీ అప్పుడు స్పష్టంగా వచ్చే లోతు తగ్గి, తాళి ముడి స్పష్టంగా ఉండి పెళ్లికూతురి మొహం మసకబారొచ్చు. మసక తగ్గాలని నోరు మూస్తే కప్పు మళ్లీ కుంచించుకుపోతుంది.

అందుకే నా మాట: ఫుల్ ఫ్రేమ్ అసలు సత్తా చీకట్లో కాదు, పట్టపగలు. వాన దండిగా ఉన్నప్పుడే కదా పెద్ద తొట్టి పనికొచ్చేది! డీ850 కనీస ఐఎస్ఓ 64. ఈ అంకె ఎంత తక్కువైతే తొట్టి నిండడానికి అంత ఎక్కువ వాన కావాలి. ఐఎస్ఓ 100 దగ్గర నిండిపోయే తొట్టితో పోలిస్తే పొంగిపొర్లకుండా 1.56 రెట్లు పడుతుంది. సెన్సరు వైశాల్యం చిన్నదానికి సుమారు 2.34 రెట్లు. రెండూ గుణిస్తే సుమారు 3.7. దాని వర్గమూలం 1.9, అంటే గరుకు దాదాపు సగానికి సగం. మధ్యాహ్నపు ఎండలో తెల్ల పట్టుపంచె మీది మడతలూ, పందిరి కింద పెద్దమ్మ జడలోని నీడా రెండూ ఒకే ఫోటోలో నిలవాలంటే ఇదే దారి.

సెకండ్ హ్యాండ్ సంగతి వేరు. షట్టరు 2 లక్షల సార్లు కొట్టేలా పరీక్షించి ఇచ్చారు, ఎన్నిసార్లు కొట్టిందో చూసుకోవాలి. మూత పెట్టి 30 సెకన్ల ఫోటో తీస్తే చెడిపోయిన పిక్సెళ్లు చుక్కల్లా బయటపడతాయి. ఆపైన డీ850 లాంటి ఎస్ఎల్ఆర్‌కే, అంటే లోపల అద్దమున్న కెమెరాకే, ఉన్న జబ్బొకటి: అద్దంలోంచి చూసి తీసేటప్పుడు ఫోకస్ కొలిచేది సెన్సరు కాదు. పెద్ద అద్దం వెనకున్న చిన్న అద్దం కొంత వెలుతురును కెమెరా అడుక్కి మళ్లిస్తే, అక్కడున్న వేరే ముక్క కొలుస్తుంది. ఆ దారికీ సెన్సరు దారికీ వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోకస్ తప్పుతుంది. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ రెండో దారే లేదు.

ఆదివారం మావాడు 85 ఎఫ్/1.8 లెన్సుతో సహా కెమెరా పట్టుకొచ్చాడు. బల్ల మీద పేపరు పరిచి బియ్యం చల్లాను, నడుమ ఒక కందిగింజ పెట్టాను. స్టాండు మీంచి ఏటవాలుగా గింజకు గురిపెట్టి తీశాడు. పెద్దది చేసి చూస్తే కందిగింజ మసక, దాని వెనక మూడో బియ్యపుగింజ మాత్రం మొన తేలి కనబడింది. లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ సెన్సరుతోనే ఫోకస్ చేసి తీస్తే కందిగింజే స్పష్టం. కాబట్టి సెన్సరుదీ లెన్సుదీ తప్పు లేదు, అద్దం దారిదే. ఫోకస్‌ను సవరించే ఫైన్ ట్యూన్‌లో మైనస్ 4 పెట్టాం, చాల్లేదు. మైనస్ 7 దగ్గర కందిగింజ మీది తెల్లని మచ్చ తేటగా వచ్చింది.

"తీసుకోనా మామయ్యా?" అన్నాడు మళ్లీ.

"తీసుకో. జూమ్ సంగతి వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాను. అప్పటికే మా ఆవిడ వచ్చి, కందిగింజా బియ్యం కలిపేశామని ఇద్దర్నీ తిడుతూ చేట తెచ్చుకుంది.