పెరటి పిట్టలు, రాగి చేలు: ఫోటోల చుట్టూ అల్లుకున్న అపోహలు, వాస్తవాలు

మా ఇల్లు బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర. ఇంటి వెనక పదడుగుల పెరడు. అందులో ఒక కరివేపాకు చెట్టు, రెండు మందారాలు, ఒక సింగపూర్ చెర్రీ. శని, ఆదివారాల్లో తెల్లారేసరికి కెమెరా పట్టుకుని ఆ పెరట్లోనో, హోస్కోటె దాటి చింతామణి దారిలో ఉన్న పల్లెల్లోనో ఉంటాను. పన్నెండేళ్లుగా ఇదే అలవాటు. ఉద్యోగం వేరే, ఇది ప్రేమతో చేసే పని. కొత్తగా కెమెరా కొన్న తెలుగు మిత్రుల నోట తరచూ వినే మాటలు కొన్నున్నాయి. అవి ఎక్కడ తప్పో ఓపిగ్గా చెప్పాలని ఇది రాస్తున్నాను.

అపోహ: మా బాల్కనీకి హమ్మింగ్‌బర్డ్ వస్తోంది.

వాస్తవం: హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. మీ మందారం మీద వాలేది తేనెపిట్ట. బెంగళూరు ఇళ్ల దగ్గర ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకదాని మగపిట్టకు పొట్ట పసుపు, గొంతు ఊదా, నెత్తిన ఆకుపచ్చ మెరుపు. రెండోదాని మగపిట్ట ఒళ్లంతా నీలం కలిసిన నలుపు. ఈ రెండోది జత కట్టే కాలం అయిపోయాక ఆ రంగు వదిలేస్తుంది. అడుగంతా లేత పసుపుగా మారి, గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క నల్లచార మిగులుతుంది. దాన్ని చూసి మూడో రకం పిట్ట దొరికిందని సంబరపడి ఫోటో పంపేవాళ్లు ఏటా ఉంటారు. అదే పిట్ట, బట్టలు మార్చుకుంది, అంతే.

ఇంకో సంగతి. ఆ మెరుపు రంగు అద్దకం లాంటిది కాదు. ఈకల్లోని అతి సన్నని పొరల మీద వెలుగు పడి తిరిగి రావడం వల్ల పుట్టే రంగు అది. పిట్ట తల కాస్త తిప్పితే చాలు, ఊదా పోయి నల్లగా కనబడుతుంది. అందుకు లెన్స్ మార్చనక్కర్లేదు. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడి, తల మళ్లీ మీ వైపు తిరిగేదాకా ఆగండి. ఆకాశం వెనక వస్తే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ పెంచండి, అంటే ఫోటోకు అందే వెలుగును రెట్టింపు చేయండి.

అపోహ: లక్షలు పోసి పెద్ద లెన్స్ కొంటే గానీ పిట్టల ఫోటోలు రావు.

వాస్తవం: 70-300 మి.మీ. మామూలు జూమ్ లెన్స్‌తో పెరట్లో ఎన్నో మంచి ఫోటోలు వస్తాయి. పిట్టలకు ఇష్టమైన కొమ్మలుంటాయి, అక్కడికే తిరిగి తిరిగి వస్తాయి. ఆ కొమ్మ ఏదో కనిపెట్టి, దగ్గర్లో స్టూల్ వేసుకుని కదలకుండా కూర్చోవాలి. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గనివ్వకండి. దానికోసం ఐఎస్ఓ, అంటే వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి, పెంచాల్సి వచ్చినా టెన్షన్ పడొద్దు. దానివల్ల ఫోటోలో వచ్చే గరుకుదనాన్ని తర్వాత కొంత తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన ఫోటోను మాత్రం ఎవరూ బాగు చేయలేరు.

అపోహ: గింజలు చల్లితేనే పిట్టలు వస్తాయి.

వాస్తవం: నగరంలో గింజలు చల్లితే వచ్చేవి ఎక్కువగా పావురాలే. చెట్లు పెట్టండి. మా కరివేపాకు పళ్లకు బుల్‌బుల్‌లు, కోయిలలు వస్తాయి. సింగపూర్ చెర్రీకి బొటనవేలంత పిట్ట ఒకటి వస్తుంది, ఫ్లవర్‌పెకర్ అంటారు. వేసవిలో రెండంగుళాల లోతున్న మట్టిమూకుట్లో నీళ్లు పెట్టి, రోజూ మార్చండి. పురుగుల మందు కొట్టకండి. పూలతేనె తాగే తేనెపిట్ట కూడా తన పిల్లలకు పురుగులే తినిపిస్తుంది.

అపోహ: పిల్లను ముట్టుకుంటేనే తల్లి వదిలేస్తుంది, గూడును ఊరికే ఫోటో తీస్తే ఏమీ కాదు.

వాస్తవం: ఇది రెండు వైపులా తప్పు. మనిషి వాసన తగిలినంత మాత్రాన తల్లిపిట్ట పిల్లను వదిలేయదు. ఈకలు రాని పిల్ల కింద పడితే జాగ్రత్తగా ఎత్తి గూట్లో పెట్టవచ్చు. కానీ గూడు దగ్గర మనం తచ్చాడడం మాత్రం నిజంగా ప్రమాదం.

ఒక వేసవిలో మా కుండీలోని అంజూర మొక్క మీద దర్జీ పిట్ట రెండాకులు కలిపి కుట్టి గూడు పెట్టింది. లోపలి పిల్లలు కనబడాలని, అడ్డంగా ఉన్న ఆకునొకదాన్ని క్లిప్పు పెట్టి పక్కకు లాగాను. ఫోటోలు చక్కగా వచ్చాయి. మూడో రోజు పొద్దున జెముడు కాకి వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోయింది. వాటికి నీడా, తలుపూ రెండూ ఆ ఆకే. తల్లి ఆ కొమ్మ చుట్టూ సాయంత్రం దాకా అరుస్తూ తిరిగింది. ఆ ఫోటోలు ఇప్పటిదాకా ఎవరికీ చూపించలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ గూడు ఫోటో తీయలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షిత పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడాన్ని కూడా వేట కిందే లెక్కగడుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఫోన్‌లో కూత వినిపించి పిట్టను రప్పించడం కూడా ఇలాంటిదే. తన చోటికి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని అది మేత మానేసి వెతుక్కుంటుంది. దయచేసి చేయకండి.

అపోహ: తీయగా కూసేది ఆడ కోయిల.

వాస్తవం: కుహూ అనేది మగది, ఒళ్లంతా నలుపు. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, కిక్ కిక్ అని గట్టిగా అరుస్తుంది.

అపోహ: బెంగళూరులో పిట్టల ఫోటోలకు చలికాలం ఒక్కటే సీజన్.

వాస్తవం: వలస పిట్టలు అక్టోబర్ నుంచి మార్చి దాకా ఉంటాయి కాబట్టి ఈ మాట వచ్చింది. కానీ జనవరిలో సూర్యోదయం ఆరూ నలభై దాటాకే, ఆపైన మంచు, ఫోటోకు వెలుగు ఆలస్యం. మిగతా నెలల్లోనూ చూడాల్సినవి ఉన్నాయి. ఫిబ్రవరిలో ఆకు రాలిన బూరుగ చెట్టు ఎర్రగా పూస్తుంది. గోరింకలు, కాకులు అన్నీ దాని మీదే ఉంటాయి, ఆకు అడ్డం రాదు. ఏప్రిల్, మే నెలల్లో కోయిల. సెప్టెంబర్, అక్టోబర్‌లలో వాన ఎక్కువ. ఆ రోజుల్లో దున్నుతున్న ట్రాక్టర్ వెనక, లేచే పురుగుల కోసం తెల్లకొంగలు బారు కట్టి నడుస్తాయి. నేనైతే జూలై, ఆగస్టులనే ఎక్కువ ఇష్టపడతాను, గిజిగాడి కోసం.

చెరువు గట్టు మీది ఈతచెట్టుకు గూళ్లు వేలాడుతుంటాయి. మగపిట్ట సగం అల్లి, రెక్కలాడిస్తూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమెకు నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. దీన్ని దూరం నుంచి, చెట్టు కిందికి పోకుండా చూడవచ్చు. గిజిగాడు మిణుగురులను బంకమట్టితో అతికించి గూట్లో దీపం పెట్టుకుంటుందని మా అమ్మమ్మ చెప్పేది. మట్టిముద్దలు అతికించడం నిజమే, దీపం మాత్రం కథ. పగలు తిరిగి రాత్రి నిద్రపోయే పిట్టకు దీపంతో పని లేదు.

అపోహ: పల్లె ఫోటో అంటే ముడతలు పడ్డ ముఖం, తలపాగా, నెత్తిన బిందె.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. శిడ్లఘట్ట వైపు వెళ్లండి. మల్బరీ తోటలు, పట్టుగూళ్ల తట్టలు, చిక్కబళ్లాపురం దాకా ద్రాక్ష పందిళ్లు, డ్రిప్ పైపులు, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని మార్కెట్ ధర కనుక్కునే రైతు, ఇవన్నీ అక్కడి జీవితమే. రాగి జూన్, జూలైలలో విత్తి నవంబర్, డిసెంబర్‌లలో కోస్తారు. మధ్య మధ్య సాళ్లలో అనప, ఆవాలు, ఆముదం. ఆవాలు పూసినప్పుడు ఆ చేను చూడాలి, పచ్చటి రాగి మధ్యలో పసుపు గీతలు గీసినట్టుంటుంది.

అడగకుండా ఎవరి ముఖమూ తీయకండి. కోలారు, చిక్కబళ్లాపురం పల్లెల్లో ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు కాబట్టి మనకు అడగడానికి మాట కూడా కష్టం కాదు. ఒకసారి రోడ్డు పక్కన రాగి తూర్పారబడుతున్న పెద్దావిడను, ఫోటో తీయవచ్చా అవ్వా అని అడిగాను. "తీయప్పా, ఈ చీరలో వద్దు, ఉండు" అని ఇంట్లోకి పోయి, కొత్త చీర కట్టుకుని, నిటారుగా కుర్చీలో కూర్చుంది. నేను అనుకున్న ఫోటో అది కాదు. కానీ ఆమెకు కావలసింది అదే. రెండు వారాల తర్వాత ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. కొంగుతో తుడిచి, చాలాసేపు చూసి, "ఇంకొకటి తెచ్చియ్యి, నా కూతురికి" అంది. వచ్చే ఆదివారం అటే వెళ్తున్నాను.